మైనస్ వచ్చిన రాత్రి

ఒరేయ్ శీనూ,

ముందు తిట్టాల్సినవన్నీ తిట్టేయ్, తరువాత చదువు. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. ఇవాళ రాస్తా, రేపు రాస్తా అనుకుంటూనే ఉన్నాను. షిఫ్టులు, వాటి మధ్య కునుకు, ఆ కునుకులో ఫోన్లు. ఇవాళ నైట్ డ్యూటీ కాస్త తేలిగ్గా ఉంది. పొద్దున ఆరింటికి క్యాబ్ వస్తుంది. అప్పటిదాకా నువ్వు దొరికావు.

ఇంటి సంగతులు గబగబా: అందరం బాగున్నాం. అమ్మ మోకాలు కొంచెం నయం. బుజ్జిది మూడో తరగతికి వచ్చింది, లెక్కలంటే ఏడుపు, మేనమామ స్థానంలో ఉన్న నీ పోలికే. కారు అమ్మేశాను. ఇక చాలు. అసలు సంగతి చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

జనవరిలో నన్ను కొత్త సీటులో వేశారని రాశాను కదా. సరిహద్దు దాటి వెళ్ళే కరెంటు, వచ్చే కరెంటు, వాటి లెక్క చూసే సీటు. ఎదురుగా తెర, అందులో ఒక గడి. ముజఫర్‌పూర్ నుంచి నేపాల్లోని ధల్కేబర్‌కి పోయే 400 కేవీ, అంటే నాలుగు లక్షల వోల్టుల లైను మీద ఆ క్షణంలో ఎన్ని మెగావాట్లు నడుస్తున్నాయో అక్కడ కనపడుతుంది. నేను చేరినప్పటి నుంచి అది ఒకటే తీరు. మనం పంపుతాం, వాళ్ళు తీసుకుంటారు. నేపాల్లో జలవిద్యుత్ కేంద్రాలు చాలావరకు పారే నీటి మీద బతికేవే. పెద్ద జలాశయంలో నీళ్ళు దాచుకుని నడిపేవంటే కులేఖాని కేంద్రాలే. చలికాలంలో నదులు సన్నబడితే మన దగ్గర కొనుక్కోక తప్పదు. కాబట్టి ఆ గడిలో అంకె ఎప్పుడూ ప్లస్సే. నాలుగు నెలలు చూసీ చూసీ అది దైవనిర్ణయం అనుకున్నాను.

మే నెలాఖరు. రాత్రి రెండు కావస్తోంది. గదిలో నేనూ, ఏసీ చప్పుడూ. అంకె తగ్గడం మొదలుపెట్టింది. మూడంకెలది రెండంకెలైంది. సరే, అక్కడ జనం పడుకుని ఉంటారులే అనుకున్నాను. తరువాత ఒంటి అంకె. తరువాత సున్నా. సున్నా దగ్గర కాసేపు అటూ ఇటూ ఊగింది, మన హాస్టల్ గేటు దగ్గర నువ్వు ఊగినట్టు. (ఆ రాత్రి సంగతి చెల్లెమ్మకి ఇప్పటికీ చెప్పలేదు, భయపడకు.) ఆ తరువాత అంకె ముందు చిన్న గీత వచ్చింది. మైనస్.

నాకు ఒళ్ళంతా చెమట. మైనస్ ఎలా వస్తుందిరా? నాలుగు నెలల్లో ఒక్కసారీ రాలేదు. ఎవరో సీటీ (లైనులో కరెంటు కొలిచే పరికరం) తీగలు తిరగేసి బిగించి ఉంటారు, లేదా అంకెల్ని దూరం నుంచి మా తెరకి పంపే టెలిమెట్రీ పోయింది, లేదా ఇంకేదో పెద్దది జరుగుతోంది, రేపు పొద్దున విచారణలో అందరి ముందూ నిలబడేది నేనే అనుకున్నాను. లాగ్‌బుక్ తీసి ఎర్ర సిరాతో, అవున్రా, ఎర్ర సిరాతో, "2.12కి ధల్కేబర్ మీటరు లోపం. తక్షణమే సరిచేయవలెను" అని రాశాను. మా ఆఫీసు పెద్దాయనకి ఫోన్ కొట్టాను.

"సార్, ధల్కేబర్ మీటరు తిరగబడింది."

"ఏమైంది?"

"మైనస్ చూపిస్తోంది సార్. పోలారిటీ ఏమన్నా మార్చారేమో..."

అటువైపు చప్పుడు లేదు. ఆయన మళ్ళీ నిద్రపోయారేమో అనుకున్నాను. అప్పుడు దగ్గు వినిపించింది.

"బాబూ, మీటరు తిరగబడలేదు. అక్కడ వాన పడింది."

"సార్?"

"వాన. కొండల్లో వాన పడితే వాళ్ళ దగ్గర కరెంటు మిగులుతుంది. మిగిలింది మనకి అమ్ముతారు. నీ మోచేతి కింద షెడ్యూల్ కాగితం ఉంటుంది, రెండో పేజీ తిప్పి చూడు. నేను పడుకుంటా."

తిప్పాను. ఉంది. రాత్రి రెండింటికి మొదలయ్యే బ్లాకు నుంచి నేపాల్ అమ్మకం, ముందురోజు మధ్యాహ్నమే ఖరారైంది. నేను మొదటి పేజీ మాత్రమే చూసి, దాని మీదే మోచెయ్యి ఆనించి, గంట సేపు చెమటలు కక్కాను. దగ్గరే పెట్టుకుని ఊరంతా వెతుక్కోవడం, రంగారావు గారి గొడుగు. అచ్చం రంగారావు గారి గొడుగు! నవ్వు, నవ్వు. నాకూ ఇప్పుడు నవ్వొస్తోంది, ఆ రాత్రి రాలేదు.

పొద్దున పెద్దాయన వచ్చి లాగ్‌బుక్ తెరిచారు. నా ఎర్ర వాక్యాన్ని కొట్టెయ్యలేదు, ఆ మనిషి అంత దయ చూపించరు. దాని కింద నీలం సిరాతో "లోపం లేదు. వర్షం." అని రాసి సంతకం పెట్టారు. ఆఫీసులో ఇప్పుడు నా పేరు వరుణుడు. క్యాంటీన్ కుర్రాడు కూడా అలాగే పిలుస్తున్నాడు.

ఆ మర్నాడు సాయంత్రం అంకె మళ్ళీ ప్లస్‌లోకి వచ్చింది. అక్కడ దీపాలు వెలిగించే వేళ, వాడకం ఎక్కువ. రాత్రి పొద్దుపోయాక మళ్ళీ మైనస్. జనం పడుకుంటారు, నది పడుకోదు కదా. ఆ నీళ్ళని దాచే చోటు లేదు. తిప్పితే కరెంటు, తిప్పకపోతే ఊరికే వదిలెయ్యడమే. కొన్నాళ్ళు ఇలా ఊగి, వానలు గట్టిపడ్డాక పగలూ రాత్రీ మైనస్సే స్థిరపడింది. నేనిప్పుడు డ్యూటీకి రాగానే ముందు ఆ గీత ఉందో లేదో చూస్తాను. ఉంటే ఏదో హాయి. ఎందుకో చెప్పలేను. పెద్దాయన చెప్పిన ఒక మాట వల్ల కావచ్చు. పదిహేనేళ్ళ కిందట చలికాలంలో అక్కడ రోజుకి 16 గంటల దాకా కోత ఉండేదట. అదే దేశం 2021 నవంబరులో మన ఎక్స్ఛేంజిలో, అంటే కరెంటు కొని అమ్మే బజారులో, మొదటిసారి అమ్మకానికి దిగింది. త్రిశూలి, దేవీఘాట్ కేంద్రాల నుంచి 39 మెగావాట్లు. ఇవాళ ఆ 39 మాకు ఒక లెక్కే కాదు. కానీ ఆ రోజు...

సరే, నీ పందెం. "కరెంటు ఒక దేశం ఇంకో దేశానికి అమ్మడమంటే గాలిని మూటగట్టి తూకం వెయ్యడమే" అన్నావు మూడో బెంచీలో కూర్చుని. మూడు రూపాయల పందెం. తూకం వేస్తున్నాం నాయనా! రోజుని పావుగంట చొప్పున 96 ముక్కలు చేస్తారు. ఏ ముక్కలో ఎంత అమ్ముతామో, ఎంతకి అమ్ముతామో ముందురోజు పొద్దున పది నుంచి పన్నెండులోపు వేలం వెయ్యాలి. కొనేవాళ్ళ గీత, అమ్మేవాళ్ళ గీత ఎక్కడ కలిస్తే అదే ఆ పావుగంట ధర. ఎవరి కరెంటు ఎవరికి వెళ్ళిందని అడక్కు. మనియార్డరు లాంటిది. మీ నాన్నగారు అక్కడ కట్టిన నోటే పోస్ట్‌మాన్ నీ చేతిలో పెట్టాడా? లెక్క సరిపోతే చాలు.

నోటుకి లేని చిక్కు ఒకటి కరెంటుకి ఉంది. గోత్రం అడుగుతారు. నేపాల్ నుంచి వచ్చే ప్రతి కేంద్రానికీ పేరు పేరునా మన వాళ్ళ అనుమతి కావాలి. చైనా పెట్టుబడి గానీ, చైనా కాంట్రాక్టరు గానీ ఉంటే ఆ కేంద్రం కరెంటు మనకి వద్దు. లైనులో కలిశాక ఏ నీళ్ళ కరెంటో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు, కాగితం మీద మాత్రం గోత్రనామాలు ఉండాల్సిందే. నాకిది నచ్చదు. నచ్చదని ఇక్కడ ఎవరితోనూ అనను, నీతోనే.

దీన్ని మించింది బంగ్లాదేశ్ కథ. నేపాల్ నుంచి బంగ్లాదేశ్‌కి 40 మెగావాట్లు, మన లైన్ల మీదుగా. 2024 అక్టోబరు 3న ఖాట్మండులో మూడు దేశాల సంస్థలూ సంతకాలు పెట్టాయి. యూనిట్ 6.4 అమెరికా సెంట్లు. ఏటా జూన్ 15 నుంచి నవంబరు 15 వరకు, అంటే వానల ఐదు నెలలే సరఫరా. అన్నీ కుదిరి మొదటిసారి కరెంటు పారింది ఎప్పుడనుకున్నావ్? నవంబరు 15న! మంత్రులు వీడియోలో కూర్చుని ప్రారంభించారు, గడువూ ఆ రోజుతోనే అయిపోయింది. పెళ్ళయిన పూటే కాపురం వచ్చే ఏడాదికి వాయిదా. మళ్ళీ 2025 జూన్ 15నే మొదలైంది. ఆ రాత్రి డ్యూటీ నాదే, తెలుసా? అడిగి వేయించుకున్నాను. వరుణుడు ఉండాలి అన్నారు అందరూ.

మనమూ నేపాలూ ఒకే కాడి కింద ఎద్దుల్లాంటి వాళ్ళం, ఒకే అడుగు. బంగ్లాదేశ్ గ్రిడ్ (దేశమంతా అల్లుకున్న లైన్ల వల) కూడా 50 హెర్ట్జే, అంటే సెకనుకి 50 ఊపులే, కానీ అడుగు వేరు. అందుకని అక్కడి భేరామారా అనే చోట ఏసీని (అటూ ఇటూ ఊగే కరెంటుని) డీసీ (ఒకే వైపు పారే కరెంటు) చేసి, ఆ గోడ పక్కనే మళ్ళీ ఏసీ చేసి అవతలికి ఇస్తారు. మధ్యలో లైనంటూ ఏమీ లేదు, కేవలం అడుగు మార్చుకోవడానికే అంత పెద్ద స్టేషన్. 2013లో 500 మెగావాట్లకి కట్టారు, 2018లో ఇంకో 500 చేర్చారు. దాని ముందు మన 40 ఎంత? చెంచాడు. ఆ చెంచాడు కోసం నేను కళ్ళార్పకుండా కూర్చున్నాను.

ఇంతా రాసి ఒకటి దాచడం బాగుండదు. వాన పడింది అని పెద్దాయన నవ్వుతూ అన్నారు కానీ, తరువాత ఒకసారి టీ తాగుతూ ఆయనే చెప్పారు. 2024 సెప్టెంబరు చివర్లో అదే వాన మూడు రోజులు ఆగలేదు. నేపాల్లో రెండు వందల మందికి పైగా పోయారు. ఎన్నో కేంద్రాలు దెబ్బతిన్నాయి. అన్నిటికంటే పెద్దది, 456 మెగావాట్ల అప్పర్ తామాకోసి, నెలల తరబడి ఆగిపోయింది. ఈ సీటులోంచి చూస్తే అంకె మళ్ళీ ప్లస్ వైపు నడవడం మాత్రమే కనిపించిందట. ఆ రాత్రి కూడా ఎవరో లాగ్‌బుక్‌లో ఏదో రాసే ఉంటారు. నేను వెనక్కి తిప్పి చూడలేదు. అది జరిగిన వారంలోపే ఆ 40 మెగావాట్ల సంతకాలు. ఆ వారం అక్కడి ఇంజినీర్లు ఎలా... సరే వదిలెయ్.

ఇక నీ కోపం సంగతి. "మా నీళ్ళు పైవాళ్ళకి అమ్మి మా బిల్లు పెంచారు" అని రాశావు. మీ నార్వేలోని క్రిస్టియన్‌సాండ్ నుంచి డెన్మార్క్‌కి కేబుల్ వేసింది 1970ల్లో. అక్కడ గాలి వీచినప్పుడు మీరు గేట్లు మూసి నీళ్ళు దాచుకుని వాళ్ళ చవక కరెంటు వాడతారు. గాలి పడిపోయినప్పుడు మీ నీళ్ళు తిప్పి పంపుతారు. ఎంత ముచ్చటైన కాపురం అని నేను అందరికీ చెబుతుంటే నువ్వేమో కేబుల్ కోసెయ్యాలంటావు! 2021లో జర్మనీకొకటి, బ్రిటన్‌కొకటి, చెరి 1400 మెగావాట్లవి వచ్చాక, మరుసటేడు యూరప్‌లో ధరలు మండినప్పుడు ఆ మంట మీ దక్షిణానికి పాకింది నిజమే. ఉత్తరాన ఉన్నవాళ్ళకి మాత్రం చవగ్గానే ఉంది, మధ్యలో లైన్లు సన్నం కాబట్టి. అమ్ముకున్న లాభం ఎక్కువగా ప్రభుత్వ కంపెనీలకే పోతుంది, బిల్లు మాత్రం నీ గుమ్మంలో పడుతుంది. ఆ ఒక్క మాట దగ్గర నువ్వే గెలిచావు, ఒప్పుకుంటున్నా. నేపాల్లోనూ ఇదే గొణుగుడు: వానల్లో చవగ్గా అమ్మి చలికాలంలో ప్రియంగా కొంటున్నామని. కానీ కేబుల్ కోసేస్తే మీకు నీళ్ళు తక్కువైన ఏడు ఏం చేస్తావ్? దీనికి జవాబు రాయి. తప్పించుకోకు, "వాతావరణం బాగుంది" అని రాస్తే ఒప్పుకోను.

మూడు రూపాయలు మాత్రం బాకీ. వడ్డీ వద్దులే.

అన్నట్టు బ్రెజిల్, పరాగ్వే మధ్య ఇతైపు డ్యామ్ గురించి చదివావా? ఇరవై మెషీన్లు, పది 50 హెర్ట్జ్‌వి, పది 60వి. ఒకే నది, ఒకే గోడ, సగం సగం పంచుకున్నారు. పరాగ్వేకి తన సగం ఎక్కువ, వాడుకోగా మిగిలింది బ్రెజిల్‌కే ఇవ్వాలి, అక్కడే అసలు తమాషా. ఆ 50ని 60 చెయ్యడానికి వాళ్ళు

క్యాబ్ వచ్చేసింది, కింద హారన్ కొడుతున్నాడు. ఇతైపు వచ్చే ఉత్తరంలో. చెల్లెమ్మకి, పిల్లలకి అడిగానని చెప్పు. గడిలో ఇంకా మైనస్సే ఉంది, చూసే లేస్తున్నా.

నీ
వరుణుడు