ఆ చెక్క వంతెనకి దారి పట్టాల మీదుగా కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న ఆదివారం అనుబంధంలో ఎడారిలో ఉన్న చెక్క రైలు వంతెన గురించి సగం పేజీ వేశారు. ఫొటో బాగుంది. కింద రాసిందే బాగాలేదు. వంతెన అరిజోనాలో ఉందన్నారు, అది తప్పు. పోనీ, ఊరి పేర్లు తారుమారు కావడం పత్రికల్లో కొత్తేమీ కాదు. కానీ ‘పట్టాల వెంట హాయిగా నడుచుకుంటూ సొరంగాలు దాటి వెళ్ళిపోవచ్చు’ అని రాశారు చూడండి, ఆ ముక్క దగ్గర నాకు టీ చల్లారిపోయింది. నేను రైల్వేలో ముప్పై నాలుగేళ్ళు పట్టాల పనే చేసి పీడబ్ల్యూఐగా, అంటే పట్టాల ఇన్‌స్పెక్టరుగా, రిటైరయినవాణ్ణి. ఇప్పుడు శాన్ డియాగోలో మా అబ్బాయి ఇంట్లో ఉన్నాను. ఆ వంతెనని జనవరిలో చూసొచ్చాను కూడా. అందుకే రాస్తున్నాను, కాస్త పొడుగైతే ఏమనుకోకండి.

దాని పేరు గోట్ కాన్యన్ ట్రెసిల్. ఉన్నది కాలిఫోర్నియాలో, శాన్ డియాగో కౌంటీలో, ఆంజా-బొర్రేగో ఎడారి పార్కుకి దక్షిణం కొసన. మెక్సికో సరిహద్దు అక్కడికి ఎంతో దూరం లేదు. అరిజోనా అన్న పొరపాటు ఎలా వచ్చిందో ఊహించగలను, ఆ లైను పేరే ‘శాన్ డియాగో అండ్ అరిజోనా రైల్వే’. పేరులో అరిజోనా ఉన్నా కంపెనీ సొంత పట్టాలు అరిజోనా ముఖం చూడలేదు. 148 మైళ్ళు వెళ్ళి ఎల్ సెంట్రో దగ్గర సదరన్ పసిఫిక్ లైనుకి కలిశాయి, అంతే. పంచదార వ్యాపారంలో గడించిన కుటుంబం వాడు, జాన్ స్ప్రెకెల్స్ అనే ఆయన, 1907లో మొదలుపెట్టాడు. లైను కొంత దూరం మెక్సికోలోంచి పోవాలి, అక్కడేమో విప్లవం. తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం. ఆపైన ఈ కొండలు. 60 లక్షల డాలర్లలో తేలుతుందనుకున్న పని కోటీ 80 లక్షలు మింగి 1919 నవంబరుకి గాని పూర్తి కాలేదు. జనం దానికి ‘అసాధ్యపు రైలు’ అని పేరు పెట్టారంటే పెట్టరా మరి.

ఆ ఖర్చంతా ఎక్కడికి పోయిందో కరిజో గార్జ్ అనే లోయ చూస్తే తెలుస్తుంది. 11 మైళ్ళలో 17 సొరంగాలు. అరకు రైల్లో కిటికీ పక్కన కూర్చుని సొరంగాలు లెక్కపెట్టినవాళ్ళకి నేను చెప్పేది అర్థమవుతుంది, కాకపోతే అరకు పచ్చగా ఉంటుంది, ఇక్కడ కంటికి ఆనేది రాయే. 1932లో 15వ నంబరు సొరంగం కూలిపోయింది. మళ్ళీ తవ్వడం దండగనుకుని, దాన్ని వదిలేసి పక్కనుంచి కొత్త దారి తీసి, మధ్యలో అడ్డొచ్చిన గోట్ కాన్యన్ మీద ఈ వంతెన కట్టారు. చెక్కని లోయ అడుగున ముక్కలు ముక్కలుగా జోడించి పైకెత్తి నిలబెట్టారట. 1933కి అయిపోయింది. ఎత్తు 185 అడుగులకి పైనే. పొడవు మాత్రం ఎవరు ఎక్కణ్ణుంచి ఎక్కడికి కొలిచారో గాని 600 అని ఒకరు, 750 అని ఒకరు చెబుతారు. కట్టిందంతా రెడ్‌వుడ్ కలప.

ఇక్కడ నా వృత్తి మాట ఒకటి చెప్పకపోతే నిద్ర పట్టదు. ఆ వంతెన తిన్నగా లేదు, 14 డిగ్రీల కర్వ్ మీద ఉంది. మన బ్రాడ్ గేజిలో 10 డిగ్రీలు దాటనివ్వరు. 14 అంటే మన లెక్కలో 125 మీటర్ల రేడియస్, అంటే గూడ్సు బండి ఇంచుమించు తన తోకని తాను చూసుకుంటూ పోవాలి. లోయలో వీచే గాలికి తట్టుకోవడానికే అలా వంచారని అందరూ రాస్తారు. కావచ్చు. ఆ కొండ చరియ చూశాక నాకు అనిపించింది మాత్రం, అక్కడ ఎవడు కట్టినా వంచే కట్టాలి, తిన్నగా వేయడానికి చోటేదీ? అలాగే ఉక్కు కాకుండా చెక్క ఎందుకంటే ఎండకీ చలికీ లోహం సాగి, కుంచించుకుని పాడవుతుందని అంటారు. మన ఎండల్లో ఉక్కు గర్డర్లు బేరింగుల మీద సాగుతూ కుంచించుకుంటూ నిలబడి లేవా? రాజమండ్రి హేవ్‌లాక్ బ్రిడ్జి 1900 నుంచి 1997 దాకా రైళ్ళు మోసింది. 1932 అంటే అమెరికాలో అందరి జేబులూ ఖాళీ అయిన మాంద్యం రోజులు, చెక్క చవక, పని తొందర. అదీ నా అనుమానం. తప్పయితే తెలిసినవాళ్ళు సరిదిద్దండి.

సరే, అసలు సంగతి, దారి. చట్టం ఒప్పుకునే దారి మోర్టెరో పామ్స్ వైపు నుంచి. శాన్ డియాగోలో తెల్లవారుజామున బయల్దేరి, 8వ నంబరు హైవే మీద తూర్పుగా వెళ్ళి ఒకోటియో అనే చిన్న ఊరి దగ్గర దిగి, ఎస్-2 రోడ్డు పట్టుకుని, ఆ తర్వాత మట్టి రోడ్డు. మట్టి అన్నానే గాని ఇసక. మామూలు కారు తీసుకెళ్ళకండి, అడుగు తగిలే బండి అయితే అక్కడే దిగబడుతుంది. ఫోనులో సిగ్నల్ ఉండదు, ఉంటే మెక్సికో నెట్‌వర్కు పట్టుకుని రోమింగ్ బిల్లు వేస్తుంది.

మోర్టెరో అంటే స్పానిష్‌లో రోలు. ఎందుకా పేరు అనుకున్నాను. బండి ఆపిన చోటికి దగ్గర్లోనే పెద్ద బండ, దాని మీద గుంటలు. చెయ్యి పెట్టి చూశాను, మోచేతి సగం దాకా దిగింది, లోపల నున్నగా, మా అమ్మమ్మ పెరట్లో పప్పు రుబ్బిన రోలు ఎంత నున్నగా ఉండేదో అంత నున్నగా. ఇక్కడి మూలవాసులు కుమియాయ్ అనేవాళ్ళు తరతరాలుగా గింజలు, కాయలు దంచుకున్న బండ రోళ్ళవి. వంతెన సంగతి అలా ఉంచండి, దీనికోసమైనా ఒకసారి వెళ్ళొచ్చు.

అక్కణ్ణుంచి ఇక దారి అని చెప్పుకోదగ్గదేమీ లేదు. ముందు వెళ్ళినవాళ్ళు రాయి మీద రాయి పెట్టి వదిలిన గుర్తులు కనిపిస్తే కనిపించినట్టు, లేకపోతే లేదు. ఏనుగంత రాళ్ళ మధ్య నాలుగు కాళ్ళ మీద పాక్కుంటూ ఎక్కితే తాటి చెట్ల గుంపు వస్తుంది, ఎడారిలో ఆ పచ్చదనం చూసి అయిపోయిందనుకుంటాం, కాదు, అది మొదలు. ఇంకా ఎక్కి, ఒక దొన్నెలాంటి చోటు దాటి, మళ్ళీ అవతలకి గోట్ కాన్యన్‌లోకి దిగాలి. లెక్కకి రానూపోనూ ఆరు మైళ్ళు, మా అబ్బాయి ఆఫీసుకి రోజూ సైకిలు మీద పోయే దూరం కన్నా తక్కువ. మాకు ఎనిమిది గంటలు పట్టింది.

మధ్యలో చోయా అనే ముళ్ళ చెట్టు ఒకటి ఉంటుంది, నాగజెముడుకి చుట్టం. దాని ముళ్ళ ముద్ద పక్కనుంచి పోతే చాలు ఎగిరి అంటుకుంటుందా అన్నట్టు పట్టుకుంటుంది. నా పిక్కకి అంటుకుంది. చేత్తో లాగబోయాను, అది చేతికి అంటుకుంది. మావాడు ‘నాన్నా, కదలకు’ అని సంచిలోంచి వాళ్ళమ్మ దువ్వెన తీసి, పళ్ళు ముద్ద కిందికి దూర్చి ఒక్క విసురు విసిరాడు, ఊడి అంత దూరం పడింది. దువ్వెన ఎందుకురా అని పొద్దున సంచి సర్దేటప్పుడు నవ్వినవాణ్ణి నేనే. ఈ చిట్కా మీ సగం పేజీలో వేసి ఉంటే ఎంత బాగుండేది.

పదకొండున్నరకి వంతెన కనిపించింది. ముందు లోయ ఎండిపోయిన జలపాతంలా ఒక్కసారి కిందికి తెగిపోతుంది, ఆ తెగిన చోట ఎదురుగా, మనకి కిందుగా, అగ్గిపుల్లలతో కట్టినట్టు, వంపు తిరిగి. దాని పక్కనే కొండలో కూలిన పాత సొరంగం తాలూకు నోరు. రిటైరయ్యాక ఏ పట్టాలు చూసినా నా మనసు అంతగా కదల్లేదు. జేబురుమాలుతో మొహం తుడుచుకుంటూ కూర్చున్నాను, మావాడు ఏమీ అడగలేదు.

అప్పుడు వినిపించింది. ‘మామా, ఇటు రారా, ఇటు నుంచి తియ్!’ లోయంతా మోగింది. అమెరికా ఎడారిలో, మనిషి జాడ లేని చోట, శుద్ధమైన తెలుగు. బైనాక్యులర్స్ పెట్టి చూస్తే వంతెన మీద ఇద్దరు కుర్రాళ్ళు, ఇరవై మూడూ ఇరవై నాలుగూ ఉంటాయేమో, ఒకడు అంచున ఉన్న నడకదారి పలకల మీద వెనక్కి వెనక్కి నడుస్తూ సెల్ఫీ తీసుకుంటున్నాడు. ఆ పలకలు తొంభై ఏళ్ళ వంతెనవి, బాగుచేసే దిక్కులేనివి. కింద 185 అడుగులు. నేను లేచి నుంచుని నా గ్యాంగ్‌మన్ల మీద కూడా ఎప్పుడూ అరవనంత గట్టిగా అరిచాను, ‘ఒరేయ్ బాబూ, లోపలికి రండ్రా, పట్టాల మధ్యకి రండ్రా!’ అని. ఇద్దరూ కొయ్యబారిపోయారు, దేవుడు పిలిచాడనుకున్నారో ఏమో. వచ్చారు లెండి పట్టాల మధ్యకి. ‘ఎలా వచ్చారు?’ అంటే ‘హకుంబా నుంచి ట్రాక్ మీద అంకుల్, సొరంగాల్లోంచి, వీడియో చూసి వచ్చాం’. నీళ్ళేవీ అంటే ఒకడు సీసా ఎత్తి చూపించాడు. అర లీటరు సీసా. అందులో సగం.

మేం మనిషికి నాలుగు లీటర్లు మోసుకెళ్ళాం, జనవరి చలిలో, ఇంటికొచ్చేసరికి అర లీటరు కూడా మిగల్లేదు. మే నుంచి సెప్టెంబరు దాకా అక్కడ ఎండ వంద ఫారన్‌హీట్ దాటి కొడుతుంది, ఆ రోజుల్లో ఎవరైనా నన్ను ‘వెళ్ళొచ్చా?’ అని అడిగితే ఫోను పెట్టేస్తాను.

ఇక ఆ పట్టాల సంగతి. రైళ్ళు లేవు కదా, నడిస్తే ఏం పోయింది అంటారు కుర్రాళ్ళు. 1951లో ప్రయాణికుల బండి ఆగింది, 1976 సెప్టెంబరులో క్యాథ్లీన్ తుఫాను లైనుని చాలా చోట్ల కొట్టుకుపోయేలా చేసింది, ఆ తర్వాత తెరుస్తూ మూస్తూ వచ్చారు, 2008 నుంచి బళ్ళు లేవు. నిజమే. కానీ పట్టాలకి సొంతదారు ఉన్నాడు, శాన్ డియాగో రవాణా సంస్థ. లోపలికి రావద్దని బోర్డులున్నాయి. మన దగ్గర రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద పట్టాల మీద తిరిగితే ఆరు నెలల దాకా జైలో వెయ్యి రూపాయల దాకా జరిమానానో రెండూనో ఉంటుంది, అయినా ఊరంతా పట్టాల మీదే నడుస్తుంది, నాకు తెలియదా. అక్కడ స్టూడెంటు వీసా మీద ఉన్న పిల్లాడికి చిన్న కేసు కూడా చిన్నది కాదు. అదీగాక సొరంగం అంటే ఏమిటో పని చేసినవాడిగా చెబుతున్నాను. మనుషులు తట్టి చూడని సొరంగంలో పైకప్పు ఏ రోజు రాలుతుందో ఎవరూ చెప్పలేరు. మేం సుత్తితో కొట్టి చప్పుడు విని ‘ఇది గుల్ల’ అని గుర్తుపెట్టేవాళ్ళం. అక్కడ కొట్టేవాడు లేడు.

ఇంకొకటి, నాలాగా టూరిస్టు వీసా మీద వచ్చిన అమ్మానాన్నల కోసం. తిరిగి వచ్చేటప్పుడు 8వ నంబరు హైవే మీద పైన్ వ్యాలీ దగ్గర బోర్డర్ పెట్రోల్ వాళ్ళు బళ్ళు ఆపుతారు. పాస్‌పోర్టు ఇంట్లో పెట్టి వెళితే ఆ టెన్షన్ కొండ ఎక్కినదానికన్నా ఎక్కువ. నాది నా దగ్గరే ఉంది, మావాడి కార్డే ఇంట్లో ఉంది, అరగంట నుంచోబెట్టారు.

కాబట్టి సవరణ వేసేటప్పుడు దయచేసి ఏ మూలనో చీమ తలకాయంత అక్షరాల్లో కాకుండా, ఆ ఫొటో వేసినంత చోటులో వేయండి. పట్టాల దారి వద్దని, నాలుగు లీటర్ల నీళ్ళని, చలికాలమని, దువ్వెనని. ఆ కుర్రాళ్ళిద్దరికీ మా దగ్గరున్న నీళ్ళు ఇద్దామన్నా మధ్యలో లోయ. వాళ్ళు వచ్చిన దారినే సొరంగంలోకి వెళ్ళి కనబడకుండా పోయేదాకా చూస్తూ నుంచున్నాం. సాయంత్రానికి ఇల్లు చేరారో లేదో నాకిప్పటికీ తెలియదు. ఈ ఉత్తరం వాళ్ళ కంట పడితే మీ పత్రికకైనా ఒక ముక్క రాయమనండి.

అరిజోనాని కూడా కాలిఫోర్నియా చేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పీడబ్ల్యూఐ, విజయవాడ (ప్రస్తుతం శాన్ డియాగో)