మున్సిపాలిటీ వకీలు ఎంపిక బహిరంగంగా జరగాలి: పురపాలక మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. రాష్ట్రంలోని 120కి పైగా నగరపాలక, పురపాలక సంస్థలు, నగర పంచాయతీల తరఫున కోర్టుల్లో వాదించే స్టాండింగ్ కౌన్సిల్స్ ఎంపిక గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను న్యాయవాదిని కాదు. ఒక కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శిని. కోర్టుకి వెళ్లాల్సి వచ్చింది కాబట్టే ఈ విషయం మీద ఇంత పట్టింపు వచ్చింది.

మా లేఅవుట్‌లో పార్కు కోసం వదిలిన పది శాతం ఖాళీ స్థలంలో ఒకాయన రేకుల షెడ్డు వేశాడు. టౌన్ ప్లానింగ్ వాళ్లు నోటీసు అంటించారు. ఆయన హైకోర్టుకి వెళ్లి, తదుపరి విచారణ దాకా ఏ చర్యా తీసుకోవద్దని ఉత్తర్వు తెచ్చుకున్నాడు. అందులో తప్పేమీ లేదు, కోర్టుకి వెళ్లే హక్కు ఆయనకీ ఉంది. కానీ ఆ తర్వాత మున్సిపాలిటీ నుంచి కౌంటర్ (ఆయన పిటిషన్‌కి రాతపూర్వక జవాబు) దాఖలు కాలేదు. వాయిదాలు పడుతూ వచ్చాయి. ఈలోగా రేకులు పోయి స్లాబు పడింది. చివరికి మేమే చందాలు వేసుకుని, వకీలుని పెట్టుకుని కేసులో ఇంప్లీడ్ అయ్యాం, అంటే మేమూ ఒక పక్షంగా చేరాం.

ఆ రోజు కోర్టు హాల్లో మా ఐటెమ్ పిలిచారు. మున్సిపాలిటీ తరఫున ఎవరని న్యాయమూర్తి అడిగితే ఒక జూనియర్ లేచి, స్టాండింగ్ కౌన్సిల్ మారారని, ఫైలు ఇంకా చేతికి రాలేదని చెప్పి టైమ్ అడిగారు. మళ్లీ వాయిదా. తర్వాత ఆఫీసులో బతిమాలి, వకీలుకి పంపిన పేరావైజ్ రిమార్కులు (పిటిషన్‌లోని ఒక్కో పేరాకి ఆఫీసు రాసిచ్చే జవాబు) చూశాను. ఒకటిన్నర పేజీ. లేఅవుట్ ప్లాన్ నంబరు ఉండాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేశారు. ‘గిఫ్ట్ డీడ్ (స్థలాన్ని మున్సిపాలిటీకి రాసిచ్చిన దాన పత్రం) నకలు జతపరచడమైనది’ అని రాసి ఉంది కానీ, ఆ నకలు జతలో లేదు. ఆ స్థలం మున్సిపాలిటీదేనని నిరూపించే కాగితం అదొక్కటే.

మంత్రి గారూ, ఇలాంటి కేసుల్లో చేయడానికి చట్టంలో దారులు లేక కాదు. మన వాదన వినకుండా హైకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇస్తే, దాన్ని తొలగించమని వేసిన పిటిషన్‌ని రెండు వారాల్లో తేల్చాలని రాజ్యాంగంలోని 226(3) అధికరణం చెబుతోంది. సివిల్ కోర్టు అవతలి పక్షానికి నోటీసు ఇవ్వకుండా ఇచ్చే ఇంజంక్షన్ (నిలుపుదల ఉత్తర్వు) విషయంలో కూడా 30 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉంది. ఆక్రమణదారుడు కోర్టుకి వెళ్తాడని ముందే తెలుసు కాబట్టి నోటీసు ఇచ్చిన రోజే కేవియట్ (మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని కోర్టుకి ముందే పెట్టుకునే అర్జీ) వేసుకోవచ్చు, అది 90 రోజులు పనిచేస్తుంది. ఇవన్నీ చేయాల్సింది వకీలు. ఆ వకీలు ఎవరు, ఎలా వచ్చారు, ఎన్ని కేసులు చూస్తున్నారు అన్నది మాత్రం పన్ను కట్టే ఏ ఒక్కరికీ తెలియదు. ప్రభుత్వం మారగానే పాతవాళ్లు వెళ్లిపోవడం, కొత్త పేర్లు రావడం ఆనవాయితీ అయిపోయింది. ఏ పార్టీ వచ్చినా అంతే. కేసు మాత్రం అక్కడే ఉంటుంది, అవతలి వకీలూ మారడు.

ఈ ఆనవాయితీని సుప్రీంకోర్టు ఎప్పుడో తప్పుబట్టింది. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ఒక్క సర్క్యులర్‌తో జిల్లాల్లోని ప్రభుత్వ న్యాయవాదులందరినీ తీసేస్తే, అది చెల్లదని 1990లో శ్రీలేఖ విద్యార్థి కేసులో చెప్పింది. పంజాబ్, హర్యానా లా ఆఫీసర్ల (ప్రభుత్వం తరఫున వాదించే వకీళ్ల) నియామకాలపై 2016లో ఇచ్చిన తీర్పులో ఇంకాస్త ముందుకెళ్లింది. ఎంతమంది అవసరమో లెక్క వేసుకోవాలని, ఎంపిక కమిటీ ఉండాలని, ప్రతిభ చూసి పారదర్శకంగా తీసుకోవాలని, ప్రజల డబ్బుతో జరిగే నియామకాలు ఇష్టారాజ్యంగా ఉండకూడదని స్పష్టం చేసింది. అది రాష్ట్రాల లా ఆఫీసర్ల గురించిన తీర్పే అయినా, మున్సిపాలిటీ ఇచ్చే ఫీజు కూడా జనం కట్టిన ఇంటి పన్నులోంచే వస్తుంది కదా!

అమెరికాలో, ముఖ్యంగా కాలిఫోర్నియాలో, చాలా చిన్న నగరాలు ఒక లా ఫర్మ్‌ని సిటీ అటార్నీగా కుదుర్చుకుంటాయి. ప్రకటన ఇచ్చి, ప్రతిపాదనలు తీసుకుని, ఎవరిని పెట్టుకోవాలో నగర పాలకవర్గం తేలుస్తుంది. మనకి లా ఫర్మ్‌లే కావాలని నేను అనను. మన కోర్టుల్లో అనుభవమున్న న్యాయవాదులు మనకున్నారు. తీసుకోవాల్సింది ఆ బహిరంగ పద్ధతిని. ఒక్క జాగ్రత్త: దీన్ని ఎల్-1 (అందరికంటే తక్కువ ధర చెప్పినవాళ్లకే ఇచ్చే) టెండరు చేయొద్దు. తక్కువ ఫీజుకి ఒప్పుకున్నవాళ్లకి కేసులు అప్పజెప్పితే స్థలాలు పోతాయి. విశ్రాంత జిల్లా జడ్జి ఉన్న కమిటీ పెట్టి, భూమి, టౌన్ ప్లానింగ్ కేసుల్లో చేసిన పని చూసి తీసుకోండి. అదే ఊళ్లో బిల్డర్ల కేసులు కూడా వాదిస్తున్నారా అన్నది దరఖాస్తులోనే రాయించండి. పొద్దున బిల్డరు తరఫున, మధ్యాహ్నం మున్సిపాలిటీ తరఫున నిలబడే పరిస్థితి ఉండకూడదు.

వకీళ్ల వైపు నుంచి కూడా చూడాలి. బిల్లులు నెలల తరబడి ఆగిపోతాయని వాళ్ల ఫిర్యాదు. విశాఖ నుంచి హైకోర్టుకి 350 కిలోమీటర్లకు పైనే. వార్డు ప్లానింగ్ సెక్రటరీ రాత్రి బస్సెక్కి, అరకొర కాగితాలతో వస్తే ఎంత గొప్ప లాయరైనా ఏం వాదించగలడు? కౌంటర్‌కి కావాల్సిన రికార్డు పంపే బాధ్యత ఎవరిదో పేరుతో సహా నిర్ణయించాలి. ఫైళ్లు టేబుళ్ల మధ్య తిరిగాయన్న సాకుతో ఆలస్యాన్ని మన్నించలేమని 2012లో తపాలా శాఖ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. గడువు దాటితే అప్పీలే చేతిలో ఉండకపోవచ్చు.

కొత్త నియామకాలకి సమయం పడుతుందని తెలుసు. ఈలోగా ఒక పని వెంటనే చేయవచ్చు. ప్రతి మున్సిపాలిటీ తన మీద ఉన్న కేసుల జాబితాని వార్డు సచివాలయం నోటీసు బోర్డులో పెట్టాలని కమిషనర్లకి ఆదేశమివ్వండి. కేసు నంబరు, స్థలం, మన వకీలు పేరు, కౌంటర్ వేశారా లేదా, వచ్చే వాయిదా తేదీ. ఈ ఐదూ చాలు. వకీలు మారితే 15 రోజుల్లో ఫైలు చేతులు మారాలని, మారినట్టు సంతకం తీసుకోవాలని కూడా అందులో చేర్చండి. మా పార్కు కేసులో ఇప్పటికీ కౌంటర్ పడలేదు.

ఇట్లు,
ఒక కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి