ముందు లెక్క తేల్చండి, తర్వాతే అనుమతులివ్వండి: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. దీవులకు పర్యాటకులు ఇంకా రావాలని మీరంటున్నారు. నేనూ కాదనను. పడవ నడిపేవాళ్లకీ, గదులు అద్దెకిచ్చేవాళ్లకీ అదే బతుకుతెరువు. నా గొడవల్లా ఒక్కటే. ఒక దీవి ఎంతమందిని మోయగలదో తేల్చకముందే హోటళ్లకు అనుమతులు ఇచ్చేస్తున్నారు. ఈ వరస మారాలి.

నీళ్ల సంగతే చూడండి. ఇసుక నేలలున్న చిన్న దీవుల్లో ఇంకిన వాననీరు కింది ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది. మంచినీటి మట్టం సముద్రం కంటే ఒక మీటరు ఎత్తున ఉంటే, సముద్ర మట్టానికి దిగువన దాదాపు 40 మీటర్ల లోతుదాకా మంచినీరు ఉంటుందని లెక్క. అంటే పైన ఒక అడుగు తగ్గితే, కాలక్రమంలో కిందినుంచి ఉప్పునీరు నలభై అడుగులు పైకొస్తుంది. పెద్ద హోటలు బోర్లు వేసి ఈతకొలను నింపుకుంటే పక్క ఊరి బావి ఉప్పదేరుతుంది. హోటలు డబ్బు పెట్టి నీళ్లు తెప్పించుకుంటుంది. ఊరు ఎక్కడికి పోవాలి?

మురుగును పట్టించుకోకపోతే ఏమవుతుందో ఫిలిప్పీన్స్‌లోని బోరకాయ్ చూపించింది. మురుగు నేరుగా సముద్రంలో కలుస్తోందని 2018 ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా దీవినే మూసేశారు. ఆ తర్వాత, ఒకేసారి 19,215 మంది పర్యాటకులకు మించి ఉండకూడదని హద్దు పెట్టారు. ఆ లెక్క ముందే వేసి ఉంటే అక్కడి కూలీలకు ఆరు నెలలు పని పోయేది కాదు. ఆస్ట్రేలియాలోని లార్డ్ హోవ్ దీవి అంతదాకా తెచ్చుకోలేదు. అక్కడ ఏ సమయంలోనైనా 400 మంది పర్యాటకులకే చోటు.

అందాన్ని చూపిస్తూనే కాపాడొచ్చని నాకు గట్టిగా నమ్మకం కలిగించింది మాత్రం స్పెయిన్ దీవి లాంజరోటే. 1960ల్లో సెసార్ మాన్రికే అనే కళాకారుడు సొంత దీవికి తిరిగొచ్చి అధికారుల వెంటపడ్డాడు. రోడ్ల పక్కన ప్రకటన బోర్డులు వద్దన్నాడు. కొత్త కట్టడాలు కూడా ఊళ్లలోని తెల్లటి పొట్టి ఇళ్ల తీరులోనే ఉండాలన్నాడు. అధికారులు విన్నారు. సుమారు 475 మీటర్ల ఎత్తున కొండ కొమ్ము మీద ఆయన రూపకల్పనలో కట్టిన మిరడోర్ దెల్ రియో అనే వీక్షణ కేంద్రం 1973 నుంచీ ఉంది. బయటినుంచి చూస్తే రాతిగోడ తప్ప పెద్దగా ఏమీ కనపడదు. లోపలికి వెళ్లాక పెద్ద అద్దాల్లోంచి కింద సముద్రమూ, అవతలి దీవీ కనిపిస్తాయి. కొండ చూడ్డానికి వచ్చినవాళ్లకు కొండే కనిపించింది, కట్టడం కాదు. అయితే అక్కడా హోటళ్ల ఒత్తిడి తగ్గలేదు, 1980ల్లో మాన్రికేనే మళ్లీ గొంతెత్తాల్సి వచ్చింది. ఒకసారి గీసిన గీత దానంతట అదే నిలవదు మంత్రి గారూ, కాపలా ఉండాలి.

థాయ్‌లాండ్‌లో ఒక దీవి తీరాన ఉన్న మాయా బే అనే చిన్న అఖాతాన్ని కూడా చూడండి. పడవల లంగర్లకీ జనం తాకిడికీ పగడపు దిబ్బలు దెబ్బతిని 2018లో మూసేశారు. 2022 జనవరిలో తెరిచినప్పుడు పడవల్ని బే లోపలికి రానివ్వలేదు. దీవి వెనకవైపు దిగి నడిచి రావాల్సిందే. రేవు చోటు మార్చడం పెద్ద పని కాదు. కానీ దాంతోనే పగడాల మీద లంగరు పడడం ఆగింది.

అందుకని నా విన్నపం. ప్రతి దీవికీ నీరు, మురుగు, చూడదగ్గ చోట్లు తట్టుకునే జనం ఎంతో లెక్క కట్టించండి. ఆ లెక్క కట్టేవాళ్లు హోటళ్లకు సంబంధం లేనివాళ్లై ఉండాలి. ఆ లెక్కను దీవిలో ఉండేవాళ్ల ముందు, వాళ్ల భాషలో పెట్టండి. కొండ అంచుల మీదా, తీరపు ఇసుక దిబ్బల మీదా కట్టడాలు పూర్తిగా ఆపండి. పర్యాటకుల నుంచి వసూలు చేసే రుసుములో ఎంత ఆ దీవికే ఖర్చవుతోందో ఏటా బయటపెట్టండి. లెక్క తేలేదాకా, ఇప్పుడు మీ బల్ల మీదున్న కొత్త హోటళ్ల ఫైళ్లపై సంతకం చేయకండి.

ఇట్లు,
ఒక పౌరురాలు