హోప్ ఐలాండ్ పడవ గురించి ఓ బహిరంగ లేఖ

పర్యాటక శాఖ అధికారి గారికి నమస్కారం.

సంక్రాంతి సెలవులకు కాకినాడ వచ్చి, రోజంతా తిప్పుతామంటే హోప్ ఐలాండ్ పడవెక్కాం. గోదావరి మోసుకొచ్చిన ఇసుకే దీవై, ఊరిని తుఫాను అలల నుంచి కాస్తోందని సరంగు చెబుతుంటే మా అమ్మాయి నోరెళ్లబెట్టింది. బాగానే ఉంది. కానీ దానికిచ్చిన లైఫ్ జాకెట్‌కి బకిలే లేదు, పురికొసతో ముడేశారు. అదీ పెద్దవాళ్ల సైజు, మెడ దగ్గర పిడికిలి పట్టేంత సందు. 2019లో కచ్చులూరు దగ్గర పడవ మునిగింది ఇదే గోదావరిలో కదా సార్!

ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుకలో మావాళ్లే పులిహోర పొట్లాలు పడేశారు, అది మా తప్పు.

రేవులో చిన్న సైజు జాకెట్లు పెట్టించండి. పడవ విప్పేముందు ఒక్కో బకిల్ లాగి చూడమనండి. మార్చిలో తాబేలు పిల్లల్ని చూపించమని అమ్మాయి ఇప్పట్నుంచే పోరుతోంది.

ఇట్లు,
ఒక పర్యాటకుడు