శీనుగాడికి, మా పెరటి డెక్కు సంగతి

నోవై, మిషిగన్

ఒరేయ్ శీనూ,

"పెరట్లో నాలుగు చెక్కలు కొట్టుకోడానికి ఇంత తతంగమా?" అని ఫోన్లో తెగ నవ్వావు కదా. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా, చదువు. ఎలాగూ లాయరువి, తీర్పు నువ్వే చెప్పు.

మా ఇల్లు కాస్త ఎత్తు మీద ఉంటుంది. వంటింటి వెనక తలుపు తీస్తే నేల నాలుగడుగుల కింద. మెట్లు కూడా లేవు, అడ్డంగా ఒక కమ్మీ మాత్రం ఉంది. అమ్మ వచ్చినప్పుడల్లా ఆ కమ్మీ పట్టుకుని నిలబడి "ఇంత ఎండా వృథా, వడియాలెక్కడ పెట్టుకోనురా" అని గొణుగుతుంది. సరే, గడపకి సమంగా డెక్కు, అంటే చెక్క అరుగు, వేద్దామనుకున్నాం.

అప్పుడు మీ చెల్లెలు ఒక లెక్క చెప్పింది. "డెక్కు నాలుగడుగులు. దాని మీద నువ్వు నిలబడితే నీ కళ్ళు తొమ్మిదడుగులు దాటతాయి. మన కంచె ఆరడుగులేగా?" నమ్మక మడత నిచ్చెన వేసి ఎక్కా. పక్కింటి పెద్దావిడ పెరడు మొత్తం అరచేతిలో ఉన్నట్టు కనపడింది. టమాటా మొక్కలు, ఊగే కుర్చీ, దాని చేతి మీద బోర్లా పెట్టిన పుస్తకం, ఆ వెనక పడగ్గది కిటికీ, తెర సగం తీసి ఉంది. గబగబా దిగేశా.

రూల్స్‌కేం కొదవ లేదురోయ్. నేలకి 30 అంగుళాలు మించితే రెయిలింగ్ ఉండాల్సిందే, అదీ 36 అంగుళాలకి తగ్గకూడదు. కమ్మీల మధ్య 4 అంగుళాల బంతి దూరకూడదు, పసిపిల్లలు దూరి పడతారని. ఇక్కడ చలికి నేలలో నీళ్ళు గడ్డకట్టి, ఉబ్బి, స్తంభాన్ని పైకి తోసేస్తాయి. అందుకని పునాది గుంత 42 అంగుళాల లోతు తవ్వాలి. కాంక్రీటు పోయకముందే ఇన్‌స్పెక్టరు వచ్చి చూసుకోవాలి. తవ్వేముందు 811కి ఫోన్ చేయాలి. ఇక్కడ ఆ సర్వీసు పేరు "మిస్ డిగ్", నవ్వకు. వాళ్ళొచ్చి నేల కింద ఏ లైను ఎక్కడుందో తెలిసేలా గడ్డిలో చిన్న చిన్న జెండాలు పాతి పోతారు: కరెంటుకి ఎరుపు, గ్యాసుకి పసుపు, ఫోను తీగలకి నారింజ. మా పెరడు ఎలక్షన్ మీటింగులా తయారైంది.

ఇంకోటి. డెక్కుని ఇంటి గోడకి మేకులతో కొట్టేసి వదిలేస్తే, ఏదో ఒక రోజు పార్టీకొచ్చిన జనంతో సహా ఊడి కూలుతుంది. బోల్టులు పడాలి. మా గోడకేమో బయటి ఇటుక ఉత్త తొడుగే, బరువు మోయదు. అందుకని గోడని ముట్టుకోకుండా, డెక్కు తన స్తంభాల మీద తనే నిలబడేలా వేయమన్నాం.

ఇన్ని రూల్స్ ఉన్నాయా, అన్నీ మనం పడిపోకుండా చూసేవే. పక్కింట్లోకి మన చూపు పడకుండా చూసేది నాకొక్కటీ దొరకలేదు. నువ్వు లా చదివే రోజుల్లో చెప్పావు, గుర్తుందా? మన దేశంలోని 1882 ఈజ్‌మెంట్ చట్టం (పక్కవాళ్ళ స్థలం మీద మనకుండే హక్కుల చట్టం) 18వ సెక్షన్ కింద ఒక ఉదాహరణ ఉంటుంది. ఊరి ఆచారం ఉంటే, పక్కింటి మరుగు పోయేలా కొత్త కిటికీ తెరవకూడదని. ఆ ముక్క ఇన్నేళ్ళకి పనికొచ్చింది.

డ్రాయింగు సిటీ ఆఫీసుకి పంపకముందే ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళాం, ఓ డబ్బాడు జంతికలతో సహా. నేను ఎత్తుగా చెక్క తెర కట్టేస్తానన్నా. ఆవిడ వద్దంటే వద్దంది! సాయంత్రం ఎండంతా అటునుంచే వస్తుందట, టమాటాలు చచ్చిపోతాయట. పోనీ కంచె వెంట గుబురుగా తూజా మొక్కలు వేద్దామా అంటే, చలికాలంలో జింకలొచ్చి నమిలేస్తాయంది. ఆవిడ బాధల్లా లైట్లే. రాత్రిళ్ళు పడగ్గదిలోకి వెలుగు కొట్టకూడదు, అంతే.

దాంతో ప్లాను మార్చాం. తలుపు దగ్గర చిన్న చప్టా, దానికి రెయిలింగు. అక్కణ్ణించి మూడు మెట్లు దిగితే అసలు డెక్కు, 27 అంగుళాల ఎత్తులో. కుర్చీలో కూర్చుంటే కళ్ళు కంచె అంచు దగ్గరే ఆగిపోతాయి. నిలబడి చేసే పని, అంటే గ్రిల్లు, అవతలి మూలకి పోయింది. లైట్లు మెట్ల కిందే, నేలకేసి. హెచ్‌ఓఏ వాళ్ళు, అంటే మా కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం, చెక్క రంగు నమూనా అడిగి కొంత సాగదీశారు గానీ ఒప్పుకున్నారు. కాస్త తగ్గించుకున్నందుకు నాకేం బాధ లేదు, నిజం చెప్పాలంటే పై ఎత్తులో గాలికి వడియాలు నిలిచేవి కావు.

మీ అన్నయ్య పై అంతస్తుకి మెట్లు బయటినుంచి, పంతులుగారి పెరటివైపు వేస్తున్నాడన్నావు. వాళ్ళ నుయ్యీ స్నానాల గదీ అటే కదరా? ప్లాన్ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు, స్లాబు పడకముందే. వదినకి, పిల్లలకి మా అందరి తరఫునా అడిగామని చెప్పు.

నీ
రవి