హుర్ఘాడాలో డైవింగ్ ఎందుకు ఆపానంటే

బరంపురం, ఛత్రపురం, ఇచ్ఛాపురం, పర్లాకిమిడి నుంచి మన ట్రావెల్స్‌తో తిరిగే అందరికీ నమస్కారమండీ.

సంక్రాంతి అయ్యాక ఈజిప్టు వెళ్లొచ్చిన మన 22 మంది బ్యాచ్ గురించి ఊళ్లో తలో మాట అంటున్నారు. "డైవింగ్‌కని డబ్బులు కట్టించుకుని ఒడ్డున కూర్చోబెట్టాడట" అని బడాబజారులో ఎవరో అన్నారని మా మరదలు వచ్చి చెప్పింది. ఆ రాత్రి అన్నం సయించలేదు. ఒడ్డున ఎవర్నీ కూర్చోబెట్టలేదు, అందరినీ నీళ్లలోకి దింపాను. కాని డబ్బు కట్టిన 9 మందికి డైవింగ్ చేయించలేదన్నది నిజం. ఆపింది నేనే. ఎందుకో నా నోటితోనే వినండి.

పిరమిడ్లు, మ్యూజియం, నైలు మీద పడవ అన్నీ అనుకున్నట్టే అయ్యాయి, వాటి జోలికి పోను. హుర్ఘాడా ఎర్ర సముద్రం ఒడ్డున ఉంది. ఒకప్పుడు జాలర్ల పల్లె, ఇప్పుడు తీరం పొడవునా హోటళ్లే. ఎదురుగా నీళ్లలో పగడపు దిబ్బలు, వెనక్కి తిరిగితే ఎడారి. ఆ రెండూ చూపిద్దామనే 6 రోజులు పెట్టాను. మూడో రోజు డైవింగ్, ఐదో రోజు ఎడారి, ఆరో రోజు సాయంత్రం కైరోకి విమానం. డైవింగ్‌కీ విమానానికీ మధ్య మూడు రోజులు ఖాళీ ఉండేలా కావాలనే వేశాను.

మూడో రోజు ఉత్తరం గాలి లేచింది. హార్బరు వాళ్లు పడవలు వదల్లేదు. దానికి నేనేమీ అనలేదు. గోపాలపురంలో మనవాళ్లు గాలి చూసి బోటు దింపకపోతే ఎవరైనా పోట్లాడతారా? నాలుగో రోజూ అంతే. ఐదో రోజు గాలి తగ్గింది, హార్బరు తెరిచారు. పొద్దున్న ఆరున్నరకల్లా తువ్వాళ్లు, ఈతబట్టలు సంచుల్లో పెట్టుకుని అందరం లాబీలో రెడీ. ఏడైంది, ఎనిమిదైంది. ఎనిమిదింబావుకి అక్కడి ఏజెంటు మనిషి వచ్చి, ఈరోజు ఎడారికి వెళ్లండి, డైవింగ్ రేపు అన్నాడు. మన పడవని 60 మంది ఉన్న వేరే గ్రూపుకి ఇచ్చేశారని డ్రైవరు చెబితే తెలిసింది. మనం డబ్బు మొత్తం నెల ముందే కట్టాం. అయినా 60 ముందు 22 తేలిపోయాయి. పద్నాలుగేళ్ల కిందట ఒక్క బస్సుతో కాశీయాత్ర మొదలుపెట్టినవాణ్ణి నేను. నా మనుషుల్ని లాబీలో సంచులతో నిలబెట్టిన రోజు ఇంతవరకూ లేదు. ఆ మాట అతనితో అన్నాను కూడా. నవ్వి, "నో ప్రాబ్లెం" అన్నాడు.

ప్రాబ్లెం అక్కడే మొదలైంది. డైవింగ్ ఆరో రోజుకి పడింది. పొద్దున్నే రెండు దిబ్బల దగ్గర రెండుసార్లు దిగడం, ఒంటిగంటకి పూర్తి. రాత్రి ఎనిమిదింటికి విమానం. మధ్యలో ఏడు గంటలే.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. సిలిండరు గాలి పీలుస్తూ లోతుకి దిగినప్పుడు, అక్కడి ఒత్తిడికి గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కరుగుతుంది. పైకొచ్చాక మెల్లగా బయటికి పోతుంది. పూర్తిగా పోకముందే విమానం ఎక్కితే, లోపల ఒత్తిడి ఏడెనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టు పడిపోతుంది కాబట్టి, సోడా మూత తీసినట్టు బుడగలు కట్టొచ్చు. కీళ్లనొప్పులతోనే సరిపోవచ్చు, కాళ్లూ చేతులూ పడిపోవచ్చు కూడా. అందుకే ఒక్కసారి దిగితే కనీసం 12 గంటలు, రెండు మూడుసార్లు దిగితే కనీసం 18 గంటలు విమానం ఎక్కొద్దని, డైవింగ్ చేసేవాళ్ల భద్రత చూసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అనే సంస్థ వాళ్లు చెబుతారు.

ఏజెంటు మాత్రం, మొదటిసారి దిగేవాళ్లు ఐదారు మీటర్లు దాటరు, అందరూ ఇలాగే చేస్తారు, ఏమీ కాదు అన్నాడు. మన కుర్రాళ్లూ అదే పాట. "అన్నా, ఇంత దూరం వచ్చాం, రాసిస్తాం, బాధ్యత మాది" అన్నారు ఒకరిద్దరు. కాగితం మీద రాసిస్తే సరిపోతుందా? వాళ్ల అమ్మానాన్నలు నాకు ఫోన్ చేస్తారా, ఆ కాగితానికి చేస్తారా?

ఆ రాత్రి పన్నెండున్నర దాకా హోటల్ మెట్ల మీద కూర్చున్నాను. నిజం చెబుతున్నా, ఒప్పేసుకుందామనే అనిపించింది. ఆ 9 మందిలో ఒకమ్మాయి ఈ ట్రిప్ కోసమే దసరా నుంచి ఈత నేర్చుకుంది. మూడో రోజు నుంచి రోజూ పొద్దున్నే "ఈరోజేనా అంకుల్?" అని అడుగుతోంది. మరోపక్క 2024 నవంబరులో ఇదే తీరంలోని మర్సా ఆలం అనే ఊరి దగ్గర డైవింగ్ పడవ మునిగింది, 2025 మార్చిలో ఇదే హుర్ఘాడాలో టూరిస్టుల జలాంతర్గామి మునిగి ఆరుగురు పోయారు. వాటికీ దీనికీ సంబంధం లేదని తెలుసు. అయినా ఆ వేళప్పుడు అవే గుర్తొస్తాయి. పొద్దున్న టిఫిన్ దగ్గర చెప్పేశాను, డైవింగ్ లేదని. ఆ అమ్మాయి ప్లేటు పక్కకి జరిపి లేచి వెళ్లిపోయింది. ముంబయి దాకా నాతో మాట్లాడలేదు.

అందరినీ గిఫ్తూన్ దీవి వైపు పడవలో తీసుకెళ్లి స్నార్కెలింగ్ చేయించాం. అది నీటి పైనే తేలుతూ గొట్టంతో మామూలు గాలి పీల్చడం కాబట్టి విమానంతో పేచీ లేదు. ఆ నీళ్లలో ఉప్పు ఎక్కువ, మనిషి ఇట్టే తేలతాడు. 63 ఏళ్ల మా పిన్నిగారు లైఫ్ జాకెట్ వేసుకుని, నిచ్చెన వదలనని గోల పెట్టి, వదిలాక ఇక పైకి రానన్నారు. వాళ్లింట్లో పట్టుమగ్గం ఉంది. నీళ్లలోంచి తల ఎత్తి మొదట అన్న మాట, "ఒరే, ఆ చేప ఒంటిమీద అంచు చూశావా, మన మగ్గం మీద రాదురా." ఆవిడ చూసింది చిలకచేప. ఆకుపచ్చ, నీలం, మధ్యలో గులాబీ గీత. పగడం కొరుకుతుంటే పటపటమని చప్పుడు కూడా వినిపిస్తుంది.

ఎడారి బాగానే సాగింది. జీపులు, మూతికి గుడ్డ, బెదూయిన్ల (ఎడారిలో బతికే అరబ్బు తెగలవాళ్ల) గుడారంలో చక్కెర పాకం లాంటి టీ. అన్నం, పప్పు, మాకరోనీ కలిపి వడ్డించే అక్కడి కొషరిలో ఆవకాయ కలుపుకున్న మొదటి జనం మనమే అయ్యుంటాం.

ఇప్పుడు నా తప్పు. ఈ ముక్క ఊళ్లో ఎవరూ అనలేదు, ఎందుకంటే ఎవరికీ తెలియదు. రాత్రి విమానం లేచాక కిటికీలోంచి చూస్తే సముద్రం పక్కనే రోడ్డు, దాని వెంట లైట్లు కనిపించాయి. అప్పుడు వెలిగింది. కైరోకి విమానమే ఎందుకు ఎక్కాలి? బస్సులో 450 కిలోమీటర్లు, ఆరు గంటలు. పొద్దున్న ఒక్కసారే దిగి పదింటికల్లా పైకొచ్చేసి, ఆ 9 మందీ సాయంత్రం నాలుగుకి బస్సెక్కితే రాత్రి పదికి కైరో. ముంబయి విమానం ఒకటిన్నరకి. పదిహేను గంటల పైనే దొరికేవి. నా ఖర్చు మహా అయితే ఒక మినీ బస్సు. రెండు గంటలు మెట్ల మీద కూర్చున్నవాణ్ణి, కాశీకి బస్సులు నడిపినవాణ్ణి, నాకు బస్సు తట్టలేదు. డైవింగ్ ఆపినందుకు ఇప్పటికీ సిగ్గుపడను. బస్సు తట్టనందుకు మాత్రం పడుతున్నాను.

"మీరే వద్దన్నారు, వాపసు రాదు" అని ఏజెంటు మెయిల్ పెట్టాడు. అతనితో నా తగువు నేను చూసుకుంటాను. మీ డబ్బుకీ దానికీ ముడి పెట్టను. తలకి 7,800 చొప్పున 9 మందికి నా చేతి నుంచే ఇస్తున్నాను.

హుర్ఘాడా మాననండీ. మానేయమని ఇంట్లోనూ అంటున్నారు, విననన్నాను. కార్తీకం వెళ్లాక మళ్లీ ఒక బ్యాచ్ ఉంటుంది, వేరే ఏజెంటుతో. ఈసారి నేను వారం ముందే వెళ్లి పడవ, లైఫ్ జాకెట్లు, సిలిండర్లు కళ్లతో చూసి వస్తాను. డైవింగ్ రెండో రోజే, గాలి వస్తే మూడు, నాలుగు. అప్పటికీ కుదరకపోతే డైవింగ్ డబ్బు అక్కడే చేతిలో పెడతాను. ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టరు కాగితం తెస్తేనే డైవింగ్‌కి పేరు రాస్తాను. జలుబు ఉంటే ఆ రోజుకి దించను, చెవులు పోతాయి. పదేళ్లలోపు పిల్లల్ని దించమని అడగొద్దు.

ఇప్పటికి ఏడుగురికి డబ్బు వేశాను. ఎనిమిదో ఆయన ఫోన్ ఎత్తడం లేదు. ఇక మిగిలింది ఈత నేర్చుకున్న అమ్మాయిది. వాళ్ల నాన్నగారు "వచ్చే ట్రిప్‌లో అడ్జస్ట్ చేసేయవయ్యా" అంటున్నారు. చేయనండీ. కవరు మీద ఆ అమ్మాయి పేరు రాసి సొరుగులో పెట్టాను. రాత్రి తొమ్మిది దాకా షాపులోనే ఉంటాను.