ఎర్ర సిరా పోస్తే ఇంగ్లిష్ రాదు

సంపాదకుల వారికి,

మన బడుల్లో పిల్లల ఇంగ్లిష్ రాతపుస్తకాలు దిద్దే పద్ధతి మారాలి. పేజీ నిండా ఎర్ర గీతలు, కింద సంతకం, తేదీ. పిల్లలు మార్కులు చూసుకుని పుస్తకం మూసేస్తారు, మళ్లీ వారం అవే తప్పులు రాస్తారు, రాత్రి పొద్దుపోయేదాకా దిద్దిన టీచర్ కష్టమూ వృథా అవుతుంది.

ఆ తప్పుల్లో చాలావాటికి కారణం అజాగ్రత్త కాదు. తెలుగులో ఆలోచించి రాయడం వల్ల వస్తాయవి. "రెండేళ్ల నుంచి ఈ బడిలో చదువుతున్నాను" అనుకున్న అమ్మాయి "ఐ యామ్ స్టడీయింగ్ హియర్ ఫ్రమ్ టూ ఇయర్స్" అని రాస్తుంది. చదువుతున్నాను అంటే యామ్ స్టడీయింగ్, నుంచి అంటే ఫ్రమ్, తన లెక్కలో అంతా సరిగ్గానే ఉంది. టీచర్ ఆ మాటలు కొట్టేసి పైన హ్యావ్ బీన్ అనీ ఫర్ అనీ రాసేస్తే ఎందుకు మార్చారో ఆ పిల్లకి ఎలా తెలుస్తుంది? ఎప్పుడో మొదలై ఇంకా సాగుతున్న పనికి తెలుగులో "చదువుతున్నాను" చాలు, ఇంగ్లిష్‌లో అది చాలదు, ఎంతకాలమో చెప్పాలంటే ఫర్, ఎప్పుడు మొదలైందో చెప్పాలంటే సిన్స్ వాడాలి అని తెలుగులో రెండు నిమిషాలు చెప్తే అర్థమవుతుంది. "డిస్కస్డ్ అబౌట్" కూడా అంతే, డిస్కస్డ్ పక్కన అబౌట్ అక్కర్లేదు, మన "గురించి" అందులో వచ్చి కూర్చుంది.

కొన్నిచోట్ల తెలుగే మందు. "డిడ్ నాట్ వెంట్" అని రాసే పిల్లాణ్ని, "వెళ్లలేదు అంటావు గానీ వెళ్లాను లేదు అనవు కదా, డిడ్ వచ్చాక గో కూడా వెంట్‌గా మారకుండా అలాగే ఉండాలి" అని ఒక్కసారి అడిగి చూడండి.

1996లో జాన్ ట్రస్కాట్ అనే పరిశోధకుడు రెండో భాష నేర్చుకునేవాళ్ల రాతల్లో వ్యాకరణం దిద్దడమే దండగని వాదించారు. నేను అంత దూరం పోను. దిద్దాలి, కానీ వారానికి ఒక్క రకం తప్పే పట్టుకుని, దాని కింద గీత మాత్రం గీసి, సరైన మాట పిల్లల చేతే రాయించాలి, ఆ పేరా మళ్లీ రాయించాలి. ఎ, ద లాంటివి తెలుగులో లేనే లేవు కాబట్టి వాటికి ఏళ్లు పడుతుంది. ఆరో తరగతిలోనే ప్రతి "ద" కోసం పేజీ ఎర్రగా చేయడం దేనికి?

ఇలా ఒక్క రకం తప్పే దిద్దితే టీచర్‌కే టెన్షన్, ఎందుకంటే తనిఖీకి వచ్చినవాళ్లు ప్రతి తప్పూ దిద్దారా, సంతకం ఉందా అనే చూస్తారు, తల్లిదండ్రులేమో "ఇన్ని తప్పులు వదిలేశారేంటి" అని గొడవకొస్తారు. పరీక్షల్లో తప్పులు సరిచేయమనే ఎడిటింగ్ ప్రశ్న ఉన్నా తప్పు ఎక్కడుందో ప్రశ్నపత్రంలోనే చూపిస్తారు గనక, తన రాతలో తప్పు తానే వెతుక్కోవడం పిల్లలకి ఎవరూ నేర్పడం లేదు.

తెలంగాణలో 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం పెట్టినప్పుడు, ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లిష్ ఉండేలా పాఠ్యపుస్తకాలు అచ్చేశారు. మంచి పని. మరి సైన్స్ పాఠానికి పనికొచ్చిన తెలుగు ఇంగ్లిష్ పీరియడ్‌లో ఎందుకు పనికిరాదు? ప్రైవేటు బడుల్లో అయితే నోట తెలుగు మాట వస్తేనే నేరం.

విద్యాశాఖ చేయాల్సింది పెద్ద పనేం కాదు. అన్ని తప్పులూ దిద్దక్కర్లేదని రాతపూర్వకంగా చెప్పాలి, తనిఖీలో సంతకాలు కాకుండా పిల్లలు తిరగరాసిన పేరాలు చూడమనాలి, వచ్చే వేసవి శిక్షణలో తెలుగు పిల్లలు మామూలుగా చేసే తప్పుల మీద, అవి ఎందుకొస్తాయన్న దాని మీద ఒక పూట కేటాయించాలి.

- ఒక విశ్రాంత ఇంగ్లిష్ ఉపాధ్యాయుడు, ఖమ్మం